కాకర్త్య గుండ్యన పూర్వీకులు: ఒక మధ్యయుగ సామంతుని వంశమూలాల పరిశీలన

5.0 లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరువాత మీరు:
• కాకర్త్య గుండ్యన వంశాన్ని గురించి తెలిపే ప్రధాన శాసనాలను పేర్కొనగలుగుతారు.
• ఒకే వంశాన్ని గురించి వేర్వేరు శాసనాలు చెప్పే విషయాలను పోల్చి, ఏది ఎందుకు ఎక్కువ నమ్మదగినదో వివరించగలుగుతారు.
• 'రాష్ట్రకూట' అనే పదానికి ఉన్న వేర్వేరు అర్థాలను, వాటివల్ల వచ్చే చిక్కులను గుర్తించగలుగుతారు.
• శాసనాల్లోని వంశావళికి, చారిత్రక వాస్తవానికి మధ్య ఉన్న దూరాన్ని అంచనా వేయగలుగుతారు.

5.1 పరిచయం

"కాకతీయులు ఏ వంశానికి చెందినవారు?" అన్న ప్రశ్నకు ఒక విద్యార్థి "సూర్యవంశ క్షత్రియులు" అని రాసి మోటుపల్లి శాసనాన్ని ఉదహరించాడనుకోండి. మరొకరు "చతుర్థ కులజులు" అని రాసి బోత్‌పూర్ శాసనాన్ని చూపారు. మూడో విద్యార్థి "రాష్ట్రకూటుల శాఖ" అని రాసి మాంగల్లు శాసనాన్ని పేర్కొన్నాడు. ముగ్గురూ శాసనాధారం చూపారు. ఒకరి మాట మరొకరి మాటకు పొసగడం లేదు. మార్కులు ఎవరికి వేయాలి?

ఈ చిక్కు పరీక్ష పత్రానికే పరిమితం కాదు. కాకతీయులు మావాళ్లంటే మావాళ్లని నేటికీ వాదించుకునేవారున్నారు. ఎవరికి అనుకూలమైన శాసనాన్ని వారు ముందుకు తెచ్చి, తక్కినవాటిని పక్కన పెడతారు. చరిత్ర విద్యార్థి చేయవలసింది దీనికి భిన్నమైన పని. అన్ని ఆధారాలను ఒకచోట పెట్టి, ఏది ఎప్పుడు, ఎవరు, ఎందుకు రాయించారో అడగాలి.

ఈ పరిశీలనకు మనం ఎన్నుకున్న వ్యక్తి కాకర్త్య గుండ్యన. ఈయన చక్రవర్తి కాదు, స్వతంత్ర రాజు కాదు. 10వ శతాబ్దంలో పెద్ద రాజ్యాల మధ్య జరిగిన పోరులో పాల్గొన్న ఒక సామంతుడు, సేనాని. అయితే ఆ తరువాత ఓరుగల్లు నుంచి తెలుగు నేలను ఏలిన కాకతీయుల మూలాలను వెతుకుతూ వెనక్కి వెళితే, మనకు సమకాలీన ఆధారంతో దొరికే తొలి వ్యక్తి ఈయనే. అందుకే ఆయన తాత ముత్తాతలు ఎవరన్నది చరిత్రకారులకు అంత ముఖ్యమైన ప్రశ్న అయింది.

5.2 మాంగల్లు శాసనం: ఉన్నవాటిలో పాతది

మాంగల్లు నందిగామ ప్రాంతంలోని గ్రామం. క్రీ.శ. 956 నాటి ఈ దానశాసనాన్ని వేంగి (తూర్పు) చాళుక్య రాజు దానార్ణవుడు జారీ చేశాడు. దీని నేపథ్యాన్ని ముందుగా తెలుసుకోవాలి.

వేంగి సింహాసనం కోసం రెండవ అమ్మరాజుకు, ఆయన సవతి సోదరుడైన దానార్ణవునికి మధ్య పోటీ నడిచింది. దానార్ణవునికి రాష్ట్రకూట చక్రవర్తి మూడవ కృష్ణుని అండ దొరికింది. అమ్మరాజు కళింగ వైపు వెళ్లిపోగా దానార్ణవుడు వేంగి రాజయ్యాడు. ఆ సందర్భంలో కాకర్త్య గుండ్యన కోరికపై దానార్ణవుడు మాంగల్లు గ్రామాన్ని దొమ్మన అనే బ్రాహ్మణునికి దానం చేశాడు. ఈ దొమ్మన గుండ్యన కోసం కర్పటి వ్రతం ఆచరించినవాడు.

దానం కోరిన వ్యక్తిని గౌరవిస్తూ శాసన రచయిత గుండ్యన వంశాన్ని కూడా చెప్పాడు. ఆ వరుస ఇది:

గుండియ రాష్ట్రకూటుడు → ఎరియ రాష్ట్రకూటుడు → బేతియ → కాకర్త్య గుండ్యన

వీరిది 'సామంత వొడ్డి' కులమని కూడా శాసనం చెబుతుంది.

ఈ శాసనానికి రెండు బలాలున్నాయి. మొదటిది, ఇది సమకాలీనం. గుండ్యన బతికి ఉండగా, ఆయన కోరికపైనే వెలువడింది. తండ్రి, తాత పేర్లలో తప్పు దొర్లే అవకాశం తక్కువ. రెండవది, ఇది మితంగా మాట్లాడుతుంది. మూడు తరాల పూర్వీకులను చెప్పి ఆగిపోయింది. ఇక్ష్వాకుడు, రఘువు, రాముడు ఇందులో లేరు.

పరిమితి కూడా ఉంది. ఇది వేంగి రాజు శాసనం. గుండ్యన ఎవరి తరఫున వేంగికి వచ్చాడన్నది ఇందులోని మాటలను బట్టి మనం ఊహించుకోవలసి వస్తుంది. ఆ ఊహ అంతా ఒక్క పదం మీద ఆధారపడి ఉంది.

5.3 'రాష్ట్రకూట' అనే మాటకు మూడు అర్థాలు

గుండ్యన పూర్వీకుల్లో ఇద్దరి పేర్ల చివర 'రాష్ట్రకూట' అని ఉంది. ఈ మాటను మూడు విధాలుగా అర్థం చేసుకోవచ్చు.

(అ) వంశనామం: దక్కనును ఏలిన రాష్ట్రకూట రాజవంశానికి వీరు బంధువులు, లేదా ఆ వంశపు ఒక శాఖ.

(ఆ) విధేయతను తెలిపే మాట: వీరు రాష్ట్రకూట చక్రవర్తుల కొలువులోని సేనానులు. వేంగి చాళుక్యుల కొలువులో ఉన్నవారినుంచి వేరుగా గుర్తించడానికి ఆ మాట వాడారు.

(ఇ) పదవీనామం: రాష్ట్రమంటే ఒక పాలనా విభాగం, కూటుడంటే పెద్ద. వేంగి చాళుక్యుల తామ్రశాసనాలు దానం సంగతిని తెలియజేసేటప్పుడు, ఆ ప్రాంతంలోని 'రాష్ట్రకూట ప్రముఖులైన కుటుంబులను', అంటే గ్రామ పెద్దలు మొదలైన కాపులను, సంబోధించడం పరిపాటి. అక్కడ ఆ మాటకు రాజవంశంతో సంబంధం లేదు. శాసనాల్లో కనిపించే 'రట్టగుడి', 'రట్టడి' రూపాలు కూడా గ్రామ పెద్ద అనే అర్థంలోనివే.

వీటిలో ఏది సరైనది? పూర్వం కొందరు చరిత్రకారులు గుండ్యనను వేంగి చాళుక్యుల సామంతుడిగానే భావించారు. శాసనం ఇచ్చింది వేంగి రాజు కాబట్టి ఆ ఊహ సహజమే. కాకతీయులపై విస్తృతంగా పరిశోధించిన పి.వి. పరబ్రహ్మశాస్త్రి దీన్ని మార్చి చూశారు. దానార్ణవునికి మూడవ కృష్ణుని సాయం అందిన సమయంలోనే గుండ్యన వేంగిలో కనిపిస్తున్నాడు, ఆయన పూర్వీకుల పేర్లలో 'రాష్ట్రకూట' ఉంది. కాబట్టి ఆయన రాష్ట్రకూటుల పక్షాన వచ్చిన సేనాని అని ఆయన వాదించారు. సందర్భానికి ఈ వ్యాఖ్య బాగా సరిపోతుంది.

అయితే ఒక విషయం గమనించండి. రాష్ట్రకూటుల సేనాని కావడం వేరు, రాష్ట్రకూట వంశంలో పుట్టడం వేరు. మొదటిది సందర్భాన్ని బట్టి బలంగా చెప్పగలం. రెండవదానికి ఈ ఒక్క పదం చాలదు. అలాగే 'రట్టడి' వంటి మాట కనిపించగానే నేటి ఏదో ఒక కులంతో గుండ్యనను ముడిపెట్టడం కూడా పొరపాటు. నాడు అది చేసే పనిని తెలిపిన మాట. 1000 ఏళ్ల తరువాత ఏర్పడిన సామాజిక గుర్తింపును దానిమీద మోపలేం.

మీ అవగాహనను పరీక్షించుకోండి – 1
(ఈ ప్రశ్నలకు మూడు నాలుగు వాక్యాల్లో సమాధానం రాసి, పై భాగంతో సరిచూసుకోండి.)
1. మాంగల్లు శాసనంలోని వంశావళి నమ్మదగినదని చెప్పడానికి రెండు కారణాలు ఏవి?
2. 'రాష్ట్రకూట' పదం వంశనామమూ పదవీనామమూ కావచ్చునని ఎలా చెప్పగలం?

5.4 బయ్యారం శాసనం: మరో వంశావళి

రెండవ ప్రధాన ఆధారం బయ్యారం చెరువు శాసనం. బయ్యారం నేటి మహబూబాబాద్ జిల్లాలో ఉంది. కాకతి గణపతిదేవుని (1199–1262) సోదరి మైలమ అక్కడ చెరువు తవ్వించి ఈ శాసనం వేయించింది. గుండ్యన కాలానికీ దీనికీ మధ్య రెండు శతాబ్దాలకు పైగా దూరం ఉంది. ఇందులోని వరుస ఇలా ఉంటుంది:

వెన్నరాజు → మొదటి గుండన → రెండవ గుండన → మూడవ గుండన → ఎఱ్ఱన → పిండి గుండన → గరుడ బేతరాజు

దుర్జయ వంశంలో పుట్టిన వెన్నరాజు 'కాకతి' అనే పట్టణం నుంచి పాలించినందువల్ల ఆయన సంతతివారికి ఆ పేరు వచ్చిందని, ఎఱ్ఱన కుర్రవాడిని పాలించాడని ఈ శాసనం చెబుతుంది. కుర్రవాడి నేటి కురవి ప్రాంతం కావచ్చునని పరిశోధకుల అభిప్రాయం. చివరి గరుడ బేతరాజే మొదటి బేతరాజు. ఆయననుంచి కాకతీయ వంశక్రమం మనకు స్పష్టంగా తెలుసు.

ఇప్పుడు రెండు శాసనాలను పక్కపక్కన పెట్టండి.

మాంగల్లు: గుండియ – ఎరియ – బేతియ – గుండ్యన
బయ్యారం: మూడవ గుండన – ఎఱ్ఱన – (పేరు లేదు) – పిండి గుండన

గుండియ, ఎరియ అనే రెండు పేర్లు అదే వరుసలో రెండింటిలోనూ వచ్చాయి. వాటి తరువాత మళ్లీ గుండన వస్తున్నాడు. అందువల్ల మాంగల్లులోని కాకర్త్య గుండ్యన, బయ్యారంలోని పిండి గుండన ఒకరేనని చరిత్రకారులు గుర్తించారు. మధ్యలో బేతియ పేరు మాత్రం బయ్యారంలో లేదు. ఈ గుర్తింపు ఎంతవరకు నిలుస్తుందో మూడు పద్ధతుల్లో పరీక్షిద్దాం.

5.4.1 పేర్ల పరీక్ష

మన ఇళ్లల్లో మనవడికి తాత పేరు పెట్టడం మీకు తెలిసినదే. కాకతీయుల్లో ఈ ఆచారం స్పష్టంగా కనిపిస్తుంది. మొదటి బేతరాజు కుమారుడు మొదటి ప్రోలరాజు, ఆయన కుమారుడు రెండవ బేతరాజు, ఆయన కుమారుడు రెండవ ప్రోలరాజు. ఇదే సూత్రంతో వెనక్కి వెళ్లండి. మొదటి బేతరాజు తండ్రి పిండి గుండన. అయితే బేతరాజుకు ఆ పేరు ఎక్కడినుంచి వచ్చింది? బయ్యారం వరుస ప్రకారం ఆయన తాత ఎఱ్ఱన. మాంగల్లు ప్రకారం గుండ్యన తండ్రి బేతియ, అంటే బేతరాజుకు తాత. తాత పేరే మనవడికి వచ్చింది. బయ్యారం వదిలేసిన పేరు మాంగల్లులో దొరకడమే కాక, అది ఉండవలసిన చోటనే దొరికింది.

5.4.2 కాలం పరీక్ష

రాష్ట్రకూట రెండవ కృష్ణుడు వేంగిపై దండెత్తిన కాలంలో, సుమారు 895లో, మూడవ గుండన మరణించాడని చరిత్రకారులు భావిస్తారు. ఆయన 50 ఏళ్ల వయసులో పోయాడనుకుందాం. తరానికి 25 నుంచి 27 ఏళ్ల చొప్పున లెక్కిస్తే ఎఱ్ఱన సుమారు 870లో, బేతియ 897లో, గుండ్యన 924లో పుట్టి ఉండాలి. 956 నాటికి గుండ్యనకు 32 ఏళ్లు. సేనానికి తగిన వయసే. బేతియను తీసివేస్తే ఎఱ్ఱనకు 54వ ఏట గుండ్యన పుట్టాడనుకోవాలి. అది అసాధ్యం కాదు కాని, మాంగల్లు వరుసే తేలిగ్గా సరిపోతుంది.

ముందుకు లెక్కిస్తే మాత్రం వరుస కాస్త బిగువుగా ఉంటుంది. మొదటి బేతరాజు శనిగరం శాసనం 1051 నాటిది. 956లో పెద్దవాడైన గుండ్యన కుమారుడు 1051లో జీవించి ఉండాలంటే, అతడు తండ్రికి నడివయసు దాటాక పుట్టి, తాను దీర్ఘకాలం బతికి ఉండాలి. విరియాల వారి గూడూరు శాసనం ఇక్కడ ఉపయోగపడుతుంది. విరియాల కామసాని చొరవతో చాళుక్య చక్రవర్తి బేతరాజుకు అనుమకొండను ఇచ్చాడని అది చెబుతుంది. మరొకరి అండతో నిలదొక్కుకున్న బేతరాజు అప్పటికి చిన్నవాడై ఉంటాడని చరిత్రకారులు ఊహించారు. ఆ ఊహతో పై లెక్క కుదురుతుంది.

ఇలాంటి లెక్కలతో ఒక వరుస సాధ్యమా కాదా అన్నది తేలుతుంది. అది నిజమని మాత్రం రుజువు కాదు. మీ సమాధానాల్లో ఈ తేడాను తప్పక పాటించండి.

5.4.3 వేరే పక్షపు సాక్ష్యం

వంశప్రశస్తిని ఆ వంశానికి చెందని ఆధారం బలపరిస్తే దానికి విలువ పెరుగుతుంది. చాళుక్య భీముని కాలపు వేంగి తామ్రశాసనం పెరువంగూరు వద్ద జరిగిన ఒక యుద్ధాన్ని వర్ణిస్తుంది. అందులో భీముని కుమారుడు ఇరిమర్తిగండడు రాష్ట్రకూట పక్షపు సేనాని దండేన గుండనను చంపి తానూ ప్రాణాలు విడిచాడు. ఈ గుండనే బయ్యారంలోని మూడవ గుండన అని పరబ్రహ్మశాస్త్రి వంటివారు గుర్తించారు. పేరు, కాలం, పక్షం మూడూ కలుస్తున్నాయి. శత్రువు శాసనం కాబట్టి కాకతీయులను పొగడవలసిన అవసరం దానికి లేదు. అయితే గుండన అన్నది ఆ రోజుల్లో అరుదైన పేరు కాదు. కాబట్టి దీన్ని బలమైన సంభావ్యతగా తీసుకోవాలి.

5.5 'వొడ్డి', 'విష్టి': కులనామం చెప్పే కథ

మాంగల్లులో గుండ్యనది 'సామంత వొడ్డి' కులం. తరువాతి కాలపు కాజీపేట దర్గా శాసనంలో మొదటి బేతరాజు 'సామంత విష్టి' వంశంలో పుట్టినవాడు. రెండు వేర్వేరు కాలాల్లో, వేర్వేరు రచయితలు దాదాపు ఒకే పేరును వాడారు. గుండ్యన, బేతరాజు ఒకే కుటుంబంవారని చెప్పడానికి ఇది మరో ఆసరా.

ఆ పేరుకు అర్థమేమిటన్నది వేరే ప్రశ్న. ఇవి 'వృష్ణి' అనే మాటకు మారిన రూపాలని పరబ్రహ్మశాస్త్రి ప్రతిపాదించారు. కొందరు రాష్ట్రకూటులు తాము శ్రీకృష్ణుని వృష్ణి వంశంవారమని చెప్పుకున్నారు, వారి చిహ్నం గరుడుడు. మొదటి బేతరాజును గరుడ బేతరాజు అనడం కూడా దీనికి కలిసివస్తుందని ఆయన వాదన. ఈ వాదన ఆకర్షణీయంగా ఉంది. కాని చిహ్నాన్ని ప్రభువులనుంచి సామంతులు తీసుకోవడం కూడా ఉన్నదే. కాకతీయులు ఆ తరువాత చాళుక్యుల వరాహ చిహ్నాన్ని స్వీకరించారు. అంతమాత్రాన వారు చాళుక్య వంశీయులు కాలేదు. గరుడ చిహ్నం విషయంలోనూ ఇదే జాగ్రత్త అవసరం.

5.6 పైకి పెరిగిన వంశవృక్షం

సాధారణంగా చెట్టు కిందినుంచి పైకి కొమ్మలు వేస్తుంది. రాజుల వంశవృక్షాలు వేళ్ల వైపు కూడా పెరుగుతాయి. కాకతీయుల ఆధారాలను కాలక్రమంలో పెడితే ఇది తెలుస్తుంది.

• 956, మాంగల్లు: మూడు తరాల పూర్వీకులు.
• 1163, అనుమకొండ వేయిస్తంభాల గుడి శాసనం: స్వతంత్ర రాజ్యానికి పునాది వేసిన రుద్రదేవుడు తన తాత త్రిభువనమల్ల (రెండవ బేతరాజు)తో వంశకథనం మొదలుపెట్టాడు.
• 13వ శతాబ్దం, బయ్యారం: దుర్జయుడు, వెన్నరాజు వరకు వెళ్లింది.
• 1244, గణపతిదేవుని మోటుపల్లి శాసనం: ఇక్ష్వాకుడు, రఘువు, రాముడు వంటి సూర్యవంశపు రాజుల వరకు వెళ్లింది.
• 1261, విశ్వేశ్వర శివాచార్యుని మల్కాపురం శాసనం: ఇదీ కాకతీయులను సూర్యవంశంతో కలిపింది.
• ఇంకా తరువాతి సిద్ధేశ్వర చరిత్ర వంటి రచనలు: మాధవవర్మ కథ, దేవి వరం చేరాయి.

రుద్రదేవునికి తాత చాలాడు. గణపతిదేవునికి సూర్యుడు కావలసి వచ్చాడు. ఎందుకు? మోటుపల్లి శాసనం విదేశీ వర్తకులకు అభయమిచ్చిన శాసనం. అప్పటికి గణపతిదేవుడు తీరాంధ్రను కూడా ఏలుతున్న పెద్ద రాజు. తనతో పోటీ పడే రాజవంశాలు సూర్యచంద్రుల పేర్లు చెప్పుకుంటున్న కాలంలో ఆయన ఆస్థానం కూడా ఆ పద్ధతిని అనుసరించింది.

మధ్యలో వచ్చే దుర్జయుడు కూడా కాకతీయులకు మాత్రమే చెందినవాడు కాడు. వెలనాటి, నతవాడి, కొండపడమటి ప్రభువులు కూడా తమను దుర్జయ వంశంవారిగానే చెప్పుకున్నారు. ఇందులో నతవాడి వారితో కాకతీయులకు వియ్యముంది. మైలమను ఇచ్చింది నతవాడి రుద్రునికే. కాబట్టి దుర్జయుణ్ణి ఫలానా తేదీన జీవించిన వ్యక్తిగా కాక, తెలుగు సామంత కుటుంబాలు పంచుకున్న ఒక గౌరవ చిహ్నంగా చూడడం మేలు.

ఇక వర్ణం మాట. కాకతీయుల శాసనాల్లో అధికభాగం వర్ణం ఊసే ఎత్తవు. ఎత్తినవాటిలో గణపతిదేవుని సేనాని మల్యాల గుండన వేయించిన బోత్‌పూర్, వడ్డమాను శాసనాలు వారిని చతుర్థ కులజులని చెబుతాయి. స్వయంగా వారి సేనాని, వారినే పొగుడుతూ చెప్పిన మాట ఇది. అందులో చిన్నతనమేమీ లేదు. కాకతీయుల నాటి ఆంధ్ర సమాజాన్ని అధ్యయనం చేసిన సింథియా టాల్బాట్ కూడా ఆనాటి శాసనాల్లో వర్ణం కంటే వృత్తి, పదవి, వీరత్వాలకే ప్రాధాన్యం కనిపిస్తుందని చూపారు. మోటుపల్లి, మల్కాపురం శాసనాల్లోని క్షత్రియ వర్ణనను యుద్ధవీరులకు ఇచ్చిన ప్రశంసగా అర్థం చేసుకోవచ్చు.

5.7 ఏది ఎంతవరకు నమ్మవచ్చు?

ఇంతవరకు చూసిన ఆధారాలను నాలుగు మెట్లుగా అమర్చుకోండి.

దృఢంగా చెప్పగలిగినది: 956లో కాకర్త్య గుండ్యన అనే సామంతుడు ఉన్నాడు. ఆయన తండ్రి బేతియ, తాత ఎరియ, ముత్తాత గుండియ.

చాలావరకు నమ్మదగినది: ఈ గుండ్యనే మొదటి బేతరాజు తండ్రి. ఈ కుటుంబం రాష్ట్రకూటుల కొలువులో పనిచేసింది. ముత్తాత గుండన వేంగి యుద్ధంలో మరణించాడు.

చర్చనీయమైనది: వీరు రాష్ట్రకూట రాజవంశపు శాఖ. వొడ్డి, విష్టి అంటే వృష్ణి. వెన్నరాజు, మొదటి ఇద్దరు గుండనలు కుటుంబ స్మృతిలో నిలిచిన నిజమైన పూర్వీకులు.

చరిత్రగా స్వీకరించలేనిది: ఇక్ష్వాకుని నుంచి వచ్చిన వరుస. అయితే ఇది పనికిరానిది కాదు. గుండ్యన తాత ముత్తాతల గురించి ఇది ఏమీ చెప్పదు కాని, 13వ శతాబ్దపు కాకతీయులు లోకానికి ఎలా కనిపించాలనుకున్నారో చెబుతుంది.

పరిచయంలోని ముగ్గురు విద్యార్థుల దగ్గరకు ఇప్పుడు తిరిగి వెళదాం. ముగ్గురూ ఒక్కొక్క శాసనాన్ని చదివారు. కాని ఆ శాసనం ఎప్పటిదో, ఎవరు ఎవరి కోసం రాశారో ఒక్కరూ రాయలేదు. ఆ మూడు వాక్యాలు కలిపి ఉంటే ముగ్గురి సమాధానాలూ ఒకదానికొకటి విరుద్ధంగా కాక, ఒకే కుటుంబ చరిత్రలోని మూడు దశలుగా కనిపించేవి.

5.8 సారాంశం

కాకర్త్య గుండ్యన పూర్వీకుల గురించి అతి పాత ఆధారం మాంగల్లు శాసనం. అది మూడు తరాలను పేర్కొంటుంది. బయ్యారం శాసనంతో పోల్చినప్పుడు పేర్ల వరుస, తరాల లెక్క, కులనామం కలిసి గుండ్యనను కాకతీయుల మూలపురుషులలో ఒకరిగా నిలబెడతాయి. 'రాష్ట్రకూట' పదం ఆయన కుటుంబపు కొలువును సూచిస్తుంది కాని పుట్టుకను తేల్చదు. దుర్జయ, సూర్యవంశ కథనాలు రాజ్యం పెరిగిన కొద్దీ చేరినవి. ఆధారాలను వాటి కాలక్రమంలో, వాటి ఉద్దేశంతో కలిపి చదివినప్పుడే వంశచరిత్ర చరిత్ర అవుతుంది.

5.9 ముఖ్య పదాలు

సమకాలీన ఆధారం: ఒక వ్యక్తి లేదా సంఘటన కాలంలోనే వెలువడిన ఆధారం.
ప్రశస్తి: రాజును, అతని వంశాన్ని పొగిడే శాసన భాగం.
సామంతుడు: పెద్ద రాజుకు లోబడి, సైనిక సేవ చేస్తూ ఒక ప్రాంతాన్ని ఏలే ప్రభువు.
చతుర్థ కులం: నాలుగవ వర్ణం, శాసనాల్లో శూద్ర వర్ణాన్ని తెలిపే మాట.

5.10 నమూనా పరీక్షా ప్రశ్నలు

అ. కింది ప్రశ్నలకు 30 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. మాంగల్లు, బయ్యారం శాసనాల్లోని వంశావళులను పోల్చి, కాకర్త్య గుండ్యన గుర్తింపును చర్చించండి.
2. కాకతీయుల వంశకథనం కాలక్రమంలో ఎలా పెరిగిందో, అందుకు కారణాలేమిటో వివరించండి.

ఆ. కింది ప్రశ్నలకు 10 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. గుండ్యన రాష్ట్రకూటుల సేనాని అని చెప్పడానికి ఆధారాలేవి?
2. దుర్జయ వంశం అనే మాటను ఎలా అర్థం చేసుకోవాలి?

ఇ. అభ్యాసం: మీ ఇంటి పెద్దలను అడిగి మీ కుటుంబంలో నాలుగు తరాల పేర్లు రాయండి. ఏ పేరు ఎవరు చెప్పారో, దానికి రాతపూర్వక ఆధారం ఉందో లేదో ఎదురుగా గుర్తించండి. ఇద్దరు పెద్దలు వేర్వేరుగా చెప్పిన చోట, ఎవరి మాటను ఎందుకు తీసుకున్నారో రెండు వాక్యాల్లో వివరించండి.